మా కంప్యూటరుకు గంధం

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకునేరు. కరోనా వచ్చి అందరం ఇళ్ళల్లో కూర్చున్న రోజులు, నిన్నగాక మొన్నటివే. పాలప్యాకెట్లను కూడా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టుకున్నామంటే ఇప్పుడు మాకే నమ్మబుద్ధి కాదు. అప్పట్లో భవానీపురంలో మా ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్ళం: నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, కంప్యూటరు. దాన్ని మనుషుల్లో ఎందుకు కలిపానంటే, దానికి జరిగినన్ని మర్యాదలు ఆ ఇంట్లో నాకెప్పుడూ జరగలేదు. నేను హైస్కూల్లో ఉండగా నాన్న కొన్నాడు దాన్ని. వచ్చిన రోజే నాయనమ్మ గుమ్మంలో నిలబెట్టి దిష్టి తీసింది. కర్టెన్లకు మిగిలిన గుడ్డతో అమ్మ ముసుగులు కుట్టింది, ఉతికి మార్చడానికి రెండు జతలు. ప్రతి దసరాకీ దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, సాంబ్రాణి పొగ, చివర్న అందరి చేతా అక్షింతలు. జంతికలు తిన్న చేత్తో కీబోర్డు ముట్టుకుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. ఎంగిలి చేత్తో దేవుడి గూట్లో చెయ్యి పెట్టినంత గొడవ చేసేది.

నాన్న ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట పనిచేసేవాడు. (అకౌంట్స్ సెక్షన్లో. అయినా వీధిలో ఎవరి మిక్సీ కాలినా నాన్న ఓసారి చూసి తల పంకించాకే మెకానిక్కును పిలిచేవారు.) అమ్మ కంకిపాడులో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నేను బీకాం కంప్యూటర్స్. ఆ చివరి మాటే నా కొంప ముంచింది. మా కాలేజీలో కంప్యూటర్స్ అంటే జమాఖర్చులు వేసే సాఫ్ట్‌వేరు ఒకటి నేర్పి ఊరుకునేవారు. చుట్టాల దృష్టిలో మాత్రం నేను కంప్యూటర్లు విప్పి బిగించే పిల్లని. "మా పిల్లుందిగా, కంప్యూటర్సే చదువుతోంది" అని అమ్మ ఫోన్లో గొప్పగా చెప్తుంటే, కాదనే ధైర్యం నాకు లేకపోయింది. పైగా వినడానికి బాగానే ఉండేది.

స్కూళ్ళు మూతపడి పాఠాలు ఆన్‌లైన్లో చెప్పమన్నప్పుడు మిగతా టీచర్లు ఫోన్లతోనే కానిచ్చేశారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఆవగింజలంత మొహాలు కనపడతంటే ఎవడికి అర్థమైందో నాకెట్టా తెలుస్తుందే? లెక్క అర్థమైన మొహం వేరు, అర్థం కాని మొహం వేరు" అని కంప్యూటరు ముందు కూర్చుంది. కూర్చోవడం వరకే. అప్పటికి దానికి వయసు మీదపడింది. ఆన్ చేసి, బియ్యం కడిగి, కుక్కరెక్కించి, కూతలన్నీ అయ్యాక వచ్చి చూస్తే అప్పుడు ఒక్కొక్క బొమ్మే తీరిగ్గా స్క్రీను మీదికి వస్తుండేది, పెళ్ళిలో మగపెళ్ళివారు దిగినట్టు. కొత్తది కొందామంటే నాన్న "ఇది కొనే టైమా?" అన్నాడు. అంతే, అందరూ నావైపు చూశారు. నేను అప్పటికే రెండు వీడియోలు చూసి మునగచెట్టు మీద ఉన్నాను. "దీనికి కొంచెం మెమరీ ఎక్కించి, డిస్కు మారిస్తే కొత్త దానిలా పరిగెడుతుంది, ఖర్చు కూడా పెద్దగా కాదు" అని సెలవిచ్చాను.

పొద్దుటిపూట కాసేపు షాపులు తెరుస్తుండేవారు. వన్‌టౌన్లో ఇరుకు సందులో పాత కంప్యూటరు సామాను అమ్మే షాపుకి వెళ్ళాను. మాస్కు గడ్డానికి పెట్టుకున్న షాపాయన "కొత్తది కావాలా అమ్మా, కొత్తలాంటిది కావాలా?" అని అడిగాడు. కొత్తలాంటిదే అన్నాను. సొరుగులోంచి ఒక మెమరీ ముక్క తీసి, చొక్కాకి తుడిచి, "ఇది చూడండి. లేడీ డాక్టరు గారి మెషిన్లోదండీ. ఆవిడ వారానికోసారి ఆన్ చేసేవారు, అది కూడా పాటలు వినడానికి" అన్నాడు. (బెజవాడలో సెకండ్ హ్యాండుగా దొరికే ప్రతి వస్తువూ, స్కూటరు కానీ ఫ్రిజ్జు కానీ, ఎవరో లేడీ డాక్టరు గారు అపురూపంగా వాడిందే. ఇన్ని కొని, ఏదీ సరిగ్గా వాడకుండా, ఆవిడ వైద్యం ఎప్పుడు చేసేవారో నాకిప్పటికీ అంతుబట్టదు.) ఆ మెమరీ ముక్కా, బిస్కెట్టంత కొత్త రకం డిస్కూ, క్లిప్పు విరిగిన ఒక కెమెరా (రబ్బరు బ్యాండుతో కట్టుకుంటే కెమెరా కెమెరాయే అని షాపాయన మాట) తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆదివారం రాహుకాలం సాయంత్రం కాబట్టి పొద్దున్నే విప్పమని నాయనమ్మ అనుమతి ఇచ్చింది. హాల్లో పాత దుప్పటి పరిచి, దాని మీద పెట్టెను పడుకోబెట్టి పక్క రేకు తీశాను. లోపల చూస్తే ఇన్నేళ్ళ దసరాలు ఉన్నాయి. ఎండిన బంతిపూల రేకలు, సాంబ్రాణి మసి, బల్లి గుడ్ల పెంకులు, వీటన్నిటి అడుగునా పసుపు బియ్యం గుప్పెడు. ఏటేటా మేం వేసిన అక్షింతలు చిల్లుల్లోంచి లోపలికి పోయి చేరాయి. నేను చీపురు పుల్లతో ఊడుస్తుంటే నాయనమ్మ నొచ్చుకుంది. "అమ్మవారి అక్షింతలే అవి! అయ్యి ఉండబట్టే ఇన్నాళ్ళు పనిచేసింది" అంది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, "ఏ మిషనుకైనా కూలింగే ముఖ్యం. మా దగ్గర ఆకాశమంత టవర్లుంటాయి, తెలుసా?" అన్నాడు. ఉన్న మాటే. ఆఫీసు కిటికీలోంచి వాటిని రోజూ చూసేవాడు.

కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసరు అనే బిళ్ళ మీద ఒక లోహపు దిమ్మె, దాని మీద చిన్న ఫ్యాను బిగించి ఉంటాయి. దుమ్ము దులుపుదామని ఆ దిమ్మె ఊడదీసి పక్కన పెట్టాను. అదే అమ్మ కంట పడింది. తిప్పి చూసి "అడుగు రాగే! ఇంత మురికి పట్టిందేంటే?" అంటూ వంటింట్లోకి పట్టుకుపోయింది. నేను మెమరీ ముక్కను గాట్లో నొక్కే పనిలో ఉండి తలెత్తలేదు. అమ్మ వచ్చేసరికి ఆ దిమ్మె అడుగు, పూజ చెంబుల్ని తోమినట్టే చింతపండుతో తోమడం వల్ల, మొహం చూసుకునేలా తళతళలాడుతోంది. ప్రాసెసరు బిళ్ళను కూడా తడిగుడ్డతో తనే అద్దంలా తుడిచిపెట్టింది. ఎంత బాగుందో అని నలుగురం మెచ్చుకున్నాం. డిస్కు కూడా మార్చి, దిమ్మెను ఎండలో ఆరబెట్టి బిగించేశాను. మీట నొక్కగానే, కుక్కరు సంగతి అటుంచండి, స్టవ్వు వెలిగించేలోపే బొమ్మలన్నీ స్క్రీను మీదికి వచ్చేశాయి. అమ్మ సేమ్యా పాయసం చేసింది. నాన్న ఆ సాయంత్రం ఫోను చేసిన ప్రతివాళ్ళకీ మా పిల్లే బాగుచేసిందని చెప్పాడు. నా బతుకులో అంత సుఖమైన సాయంత్రం అంతకుముందు లేదు.

మర్నాడు పాఠం మొదలైన కాసేపటికి కంప్యూటరు లోపలి ఫ్యాను సన్నగా అందుకుంది. చూస్తుండగానే హోరు పెరిగి పెరిగి, గన్నవరంలో విమానం లేస్తున్నట్టు అయ్యి, టప్పున స్క్రీను నల్లబడింది. చెయ్యి పెడితే పెట్టె అట్లపెనంలా ఉంది. చల్లారాక మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే వరస. పాత మెమరీ తిరిగి పెట్టి చూశాను, అదే వరస. రేకు తీసేసి టేబులు ఫ్యాను పెట్టాం. నాన్న తడి గోనెపట్టా కప్పుదామన్నాడు. (అకౌంట్స్ సెక్షన్ని అంత కూలింగు దగ్గర ఉంచకూడదు.) నాయనమ్మ మాత్రం పెట్టె మీద చెయ్యి వేసి చూసి, "వేడి చేసిందే దానికి. ఒళ్ళు కాలిపోతోంది" అంది. ఆవిడ లోకంలో సగం రోగాలకు వేడి చెయ్యడమే కారణం, మిగతా సగానికి దిష్టి.

రెండు మూడు రోజుల్లో పిల్లలకు కూడా ఇది అలవాటైపోయింది. క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఎప్పుడూ మైకు ఆపడం మర్చిపోయేది, వెనక వాళ్ళ గేదె అరుపు కూడా వినపడుతుండేది. మేం మైకు పిల్ల అని పేరు పెట్టుకున్నాం. ఫ్యాను మొదలవగానే ముందు ఆ పిల్లే అరిచేది: "టీచర్, ఫ్యాన్ వస్తందండీ!" అంతే, క్లాసంతా కదిలేది. పుస్తకాల గలగల వినపడేది. ఇక పాఠం లేదని సంచులు సర్దేసుకుంటున్నారని నాకు ఒళ్ళు మండేది. అమ్మేమో స్క్రీను నల్లబడేలోపు గబగబా ఏదో ఒక లెక్క చదివేసేది. సిలబస్సు మీద భయమేమో పాపం అనుకునేదాన్ని.

ఆ వారంలోనే స్కూలు కరస్పాండెంట్ గారు, అంటే స్కూలు యజమాని, ఫోను చేశారు. అమ్మ చేతులకు పిండి ఉండటంతో స్పీకర్లో పెట్టాను. "మేడం గారూ, మీ క్లాసులు మధ్యలో ఆగిపోతున్నాయని పేరెంట్స్ అంటున్నారండీ. పిల్లలు కూడా తగ్గారు గదా, రెండు సెక్షన్లూ కలిపేసి ఒక్క టీచరుకే ఇద్దామనుకుంటున్నాం. సోమవారం నేనూ మీ క్లాసులో కూర్చుంటానండీ. చూసి నిర్ణయిద్దాం" అన్నారు. "అలాగేనండీ, తప్పకుండా రండి" అంది అమ్మ, వ్రతానికి పిలిచినట్టు. ఫోను పెట్టేశాక చేతులు కడుక్కుని, పొద్దున ఏరిపెట్టిన బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసుకుని ఏరింది. నెమ్మదిగానైనా నడుస్తున్న కంప్యూటరును నేను విప్పకపోతే, అమ్మ ఉద్యోగానికి ఈ గండం వచ్చేది కాదు. "ఈ ఒక్క రోజూ ఫోన్లో చెప్పెయ్యమ్మా" అన్నాను. "ఆయన నన్ను చూట్టానికి వచ్చిన రోజే నేను పిల్లల్ని చూడకుండా చెప్పనా?" అంది. అమ్మ ఒకసారి అన్నాక అంతే.

శనివారం ఇంకో వీడియోలో అసలు సంగతి బయటపడింది. ప్రాసెసరు బిళ్ళకూ రాగి దిమ్మెకూ మధ్య బూడిద రంగు పేస్టు ఒకటి ఉండాలట. లోపలి వేడిని దిమ్మెలోకి ఎక్కించేది అదేనట. అది లేకపోతే ఎంత పెద్ద ఫ్యాను తిరిగినా దండగట. వీడియో ఆపి అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ చింతపండు డబ్బా వైపు చూసింది. "మురికనుకున్నానే" అంది నీరసంగా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అమ్మనేం అనగలను? దిమ్మె అంత తళతళలాడుతుంటే అందరికంటే గట్టిగా మెచ్చుకున్నది నేనే.

పేస్టు తెద్దామంటే, ముందురోజే మా వీధిలో ఒకరికి కరోనా అని తేలి, వీధి చివర వెదురు బొంగులు అడ్డంగా కట్టేశారు. పాలు, కూరలు, మందులు తెచ్చి ఇస్తున్నారు గానీ, కంప్యూటరుకు పేస్టు కావాలంటే ఎవరు పట్టించుకుంటారు? షాపాయనకు ఫోను చేశాను. "పేస్టుందమ్మా, డబ్బాల కొద్దీ ఉంది. మా ఇంటి సందుక్కూడా బొంగులు కట్టేశారు. నేను షాపుకి పోలేను, మీరు రాలేరు. పేస్టొక్కటే హాయిగా ఉందక్కడ" అన్నాడు. నేను నేల మీద కూలబడ్డాను. పక్కనే కూర్చుని పూజకు గంధం తీస్తున్న నాయనమ్మ తలెత్తింది.

"ఏం చేస్తుందే ఆ పేస్టు?"

"లోపలి వేడి లాగేస్తుంది నాయనమ్మా."

"చలవ చేసేదేగా? దానికింత రాద్ధాంతమా! గంధం రాయండి."

"అమ్మా, అది కంప్యూటరే. గంధం రాయడానికి పేరంటాలా?" అన్నాడు నాన్న.

"నీకు చిన్నప్పుడు ఎండదెబ్బ తగిలి ఒళ్ళు పేలిపోతంటే దేంతో చల్లబడ్డావురా? నీ టవర్లొచ్చి చల్లబరిచినయ్యా?"

నేను ఆలోచించాను. రాస్తే కంప్యూటరు పాడవ్వచ్చు. రాయకపోతే సోమవారం ఎలాగూ ఆగిపోతుంది. "చిక్కగా తియ్యి నాయనమ్మా" అన్నాను. సోమవారం పొద్దున్నే స్నానం చేసి, సానరాయి మీద చుక్కకు మించి నీళ్ళు పొయ్యకుండా, వెన్నముద్దలాంటి గంధం తీసి ఇచ్చింది. చూపుడు వేలితో తీసుకోబోతే చెయ్యి మీద కొట్టింది. "ఉంగరం వేలితో రాయవే. గంధం అట్టా రాస్తారా ఎవరైనా?" ఉంగరం వేలితోనే రాశాను. దిమ్మె బిగించాక, గంధం ఒక్కటే పెట్టకూడదని పెట్టె మీద కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఆన్ చేసిన కాసేపటికి హాలంతా కమ్మగా గంధం వాసన. పక్కింటావిడ పిట్టగోడ మీంచి "ఏంటొదినా, వ్రతమా?" అని అడిగింది. "అలాంటిదేలే వదినా" అంది అమ్మ.

పాఠం మొదలైంది. స్క్రీనులో ఒక గడిలో కరస్పాండెంట్ గారు తెల్లచొక్కాలో బిగుసుకుని కూర్చున్నారు. నేను టేబులు కింద విసనకర్రతో పెట్టెకు విసురుతున్నాను. నాన్న స్విచ్చుబోర్డు దగ్గర కాపలా ఉన్నాడు, అది ఎక్కడికో పారిపోతుందన్నట్టు. అమ్మ అట్టును కత్తిరించి ముక్కలు చూపిస్తూ భిన్నాలు చెప్తోంది. సగమైంది. ఫ్యాను చప్పుడు లేదు. గంధం పనిచేస్తోంది! నాయనమ్మ కుర్చీలో కూర్చుని నాన్న వైపు చూసిన చూపు మీరు చూసి ఉండాల్సింది. ఇంతలో మైకు పిల్ల గొంతు: "టీచర్, ఇయ్యాల ఫ్యాన్ రాలేదేంటండీ?" "ఏ ఫ్యానమ్మా?" అన్నారు కరస్పాండెంట్ గారు. "ఏం లేదండీ, ఎండలు గదండీ" అంది అమ్మ.

పాఠం చివరికి వచ్చింది. కరస్పాండెంట్ గారికి నచ్చినట్టే ఉంది, గొంతు సవరించుకుని క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పడం మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే వాసన మారింది. గంధం ఎండిపోతున్నట్టుంది. చందనం కాస్తా హోమగుండం అయింది. ఫ్యాను సన్నగా అందుకుంది. నేను రెండు చేతులతో విసురుతున్నాను. హోరు పెరుగుతోంది, క్రమశిక్షణ కూడా పెరుగుతోంది. "టీచర్, ఫ్యాన్ వచ్చేసిందండీ!" అంది మైకు పిల్ల, చుట్టం దిగినంత సంబరంగా. అమ్మ ఒక్కసారి కిందికి నావైపు చూసి, నిటారుగా కూర్చుని, "ఒక్క నిమిషం అండీ" అని ఆయన మాటకు అడ్డం వెళ్ళింది. "పిల్లలూ, రాసుకోండి. ఒక రైతు పొలంలో సగం వరి వేశాడు. మిగిలిన దాంట్లో మూడో వంతు పసుపు వేశాడు. ఇంకా ఖాళీగా ఉన్నది మొత్తం పొలంలో ఎన్నో వంతు?" ప్రశ్న పూర్తవడం, స్క్రీను నల్లబడటం ఒకేసారి జరిగాయి.

నేను టేబులు కిందే కూర్చుని ఏడ్చాను. సిగ్గేముంది, బొటబొటా ఏడ్చాను. అమ్మ నా చేతిలో విసనకర్ర తీసుకుని నాకే విసురుతూ "ఊరుకోవే, ఎంతసేపు నడిచిందో చూడు" అంది. కంప్యూటరు ఇంకా చల్లారనే లేదు, ఫోను మోగింది. ఆయనే. అమ్మ స్పీకర్లో పెట్టింది.

"మేడం గారూ, మీరు కట్టయ్యాక నేనూ బయటికి వచ్చేద్దామనుకున్నానండీ. పిల్లలు ఒక్కళ్ళూ కదల్లేదు. వెళ్ళరేంటమ్మా అంటే, టీచరు గారు వచ్చేలోపు లెక్క అయిపోవాలండీ అని తలొంచుకు రాసుకుంటున్నారు. నేను క్రమశిక్షణ గురించి మొదలెట్టింది పూర్తి చేద్దామని రెండు ముక్కలు మాట్లాడానో లేదో, ఒకమ్మాయి నన్ను కసిరిందండీ, మాట్లాడకండి సార్ లెక్క పోతంది అని. వెనకాల గేదె కూడా అరిచింది." గొంతు తగ్గించి, "మూడో వంతే గదండీ జవాబు? నేనూ చేశాను" అన్నారు. "కరెక్టేనండీ" అంది అమ్మ. "రెండు సెక్షన్లూ మీరే తీసుకోండి మేడం. ఆ ఫ్యానేదో మాత్రం చూసుకోండి" అని పెట్టేశారు.

నేను కళ్ళు తుడుచుకుని అమ్మను అడిగాను. ఫ్యాను మొదలైన మొదటి రోజు నుంచీ ఇదే పద్ధతట. స్క్రీను నల్లబడేలోపు ఒక లెక్క, అమ్మ మొహం తిరిగి కనపడేలోపు జవాబు. ముందు చేసినవాళ్ళు ముందు చెప్పాలి. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారని నేను పళ్ళు నూరిన ఆ గలగల, నోటుపుస్తకాలు తెరుస్తున్న చప్పుడట. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అంటే, "ఇందులో చెప్పేదేముందే? క్లాసులో కరెంటు పోతే పిల్లల్ని ఊరికే కూర్చోబెడతామా?" అని అట్టు ముక్కలు నా చేతిలో పెట్టింది. భిన్నాలన్నీ నేనే తినేశాను.

బొంగులు తీసేశాక అసలు పేస్టు తెచ్చి రాశాను. కంప్యూటరు మంచుముద్దలా, మౌనంగా నడిచింది. పిల్లలే దిగులు పడ్డారు. చివరికి అమ్మే పాఠం మధ్యలో "పిల్లలూ, ఫ్యాను వచ్చిందనుకోండి" అని కాసేపు కెమెరా ఆపేసేది. స్కూళ్ళు తెరిచాక ఆ కంప్యూటరు ఎన్నాళ్ళో నిలవలేదు. ముక్కలన్నీ పాత సామాను వాళ్ళకు పోయాయి, ఆ రాగి దిమ్మె తప్ప. దాని సందుల్లో అగరొత్తులు చక్కగా నిలబడుతున్నాయని నాయనమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది. అమ్మ చెంబులతో పాటు దాన్నీ చింతపండుతో తోముతుంది. ఇప్పుడు కాదనేవాళ్ళెవరూ లేరు.

నేను ఇప్పుడు ఒక ఆఫీసులో అదే జమాఖర్చుల సాఫ్ట్‌వేరుతో కాలక్షేపం చేస్తున్నాను. అమ్మ ఉద్యోగమంతా నా విసనకర్ర మీదే ఉందనుకుని టేబులు కింద చెమటలు కక్కిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. పిచ్చిమొహానిది, ఒక్కసారి తల బయటికి పెట్టి అమ్మను చూసి ఉంటే అంత ఏడుపు తప్పేది. నాయనమ్మ చేతులకు ఇప్పుడు పట్టు లేదు. ఇంట్లో ఉన్న రోజున పూజకు గంధం నేనే తీస్తాను. చెయ్యి జారి నీళ్ళు కాస్త ఎక్కువ పడితే చాలు, కుర్చీలోంచి కేకేస్తుంది.

"అంత పల్చగానా? దేవుడికేగా అని అట్టా తీస్తావా? కంప్యూటరుకి తీసినట్టు తియ్యవే!"